హాంకాంగు దండుభూములు

పట్టణమున జనులు తల దాచుకొనుటకు చోటు చాలక ఒక్కొక్క గదిలో రెండు మూడు కుటుంబములు కాలము వెళ్లబుచ్చుచుండగా, ఆ పట్టణపు నడుమనే సైన్యమువారి స్వాధీనమున పచ్చికబయళ్లును, కవాతు మైదానములును, సగము ఖాళీపడిన బారకులును ఉండవచ్చునా? ఈ ప్రశ్న హాంకాంగులో తరతరములుగా వినవచ్చుచున్నది. బ్రిటిషువారి యేలుబడిలో పుట్టెను. 1997 జూలై 1వ తేదీన ఆ వలసరాజ్యము చీనాకు తిరిగి చేరిన పిమ్మటను అణగలేదు. భూమి విలువయు, దానిపై తగవుల తీరును ఎఱిగిన మన పాఠకులకు ఈ కథ కొంత పరిచితముగానే తోచవచ్చును. ఐనను ఇందొక విశేషము కలదు. ఈ వ్యాజ్యమున వాది ప్రతివాదులు ఇరువురును సర్కారువారే. ఒకరు పౌరప్రభుత్వమువారు, వేఱొకరు సేనాధిపతులు. భూమి ఎవరి కొఱకు కావలసెనో ఆ ప్రజలు మాత్రము ఏనాడును కక్షిదారులు కాలేదు.

హాంకాంగు ద్వీపము కొండలమయము. ఉత్తరతీరమున సముద్రమునకును కొండకును నడుమ సన్నని పట్టీవంటి నేల మాత్రమే కట్టడములకు అనుకూలమైనది. 1841 జనవరి 26వ తేదీన బ్రిటిషు నావికులు అచట తమ జెండా నెత్తిరి. ఆ సంవత్సరము జూన్ నెలలోనే తీరపు జాగాలను వర్తకులకు వేలము వేసిరి. వర్తకులతో పాటు సైన్యమువారును తమ జాగాను చూచుకొనిరి, మంచిదే చూచుకొనిరి. పట్టణమునకు సరిగా నడుమ, తీరమునుండి కొండచరియ వఱకు గల నేల దండునకు చేరెను. మర్రే బారకులు, విక్టోరియా బారకులు, వెల్లింగ్టను బారకులు అచట లేచినవి. వాని దిగువను నౌకాదళమువారి కొట్లును, ఓడల కార్ఖానాయు ఏర్పడెను. ఫ్లాగుస్టాఫు హౌసు అని పేరుపడిన సేనానాయకుని భవనము 1846లో పూర్తియయ్యెను. అది నేటికిని నిలిచియున్నది. ఇప్పుడది తేనీటి పాత్రల ప్రదర్శనశాల. ఈ దండునకు పడమట బ్యాంకులును, వర్తకుల కచేరీలును. తూర్పున వాంచాయి పేట. రెంటికిని నడుమ దండు అడ్డుగోడవలె నిలిచెను. ఒకే పట్టణము రెండు ముక్కలయ్యెను.

ఈ తొలినాటి సేనలలో మనదేశపు సిపాయిలు ఉండిరని మఱువరాదు. 1841 మే నెలాఖరున కాంటను పట్టణపు వెలుపల చీనా గ్రామస్థులు చుట్టుముట్టినది 37వ మద్రాసు పదాతిదళపు సిపాయిలనే. మద్రాసు సాపర్లును ఆ యుద్ధమున పనిచేసిరి. తెలుగు సీమలనుండియు మనుష్యులను చేర్చుకొనుచుండిన సైన్యమది. పరుల రాజ్యము కొఱకు పరుల భూమిని పట్టియిచ్చిన వారిలో మనవారును కలరన్నమాట.

దండువారు మంచి నేలను కోరుటకు కారణము లేకపోలేదు. 1843వ సంవత్సరపు విషజ్వరములలో సేనలలో దాదాపు నాలుగవ వంతు మరణించిరని చరిత్రకారులు వ్రాసియున్నారు. గాలి వెలుతురు లేని చోట బారకులు కట్టిన సిపాయిలు శత్రువు రాకమున్నే చత్తురని వైద్యులు మొఱపెట్టిరి. ఆ మొఱ న్యాయమైనదే. ఐతే అదే జ్వరము చీనా కూలివానికిని వచ్చును; అతని కొఱకు గాలి వెలుతురు గల నేలను కొలిచి విడిచినవారు లేరు. మఱియు, అక్కర యని తీసికొన్న నేల అక్కర తీఱిన పిమ్మట మరల రాకుండుట ఆనాటినుండియే ఆచారమయ్యెను.

ఇందుకు మొదటి పెద్ద నిదర్శనము కౌలూను. హాంకాంగు ద్వీపమున కెదురుగా, రేవునకు ఆవలిగట్టున నున్న ఈ భూభాగమును 1860 మార్చిలో హారీ పార్క్సు అను ఉద్యోగి కాంటను రాజప్రతినిధి యొద్ద సాలుకు 500 టేలుల వెండికి కౌలు పుచ్చుకొనెను. కొన్ని నెలలకే పీకింగు ఒడంబడిక వలన ఆ కౌలు భూమి దఖలు భూమి యయ్యెను. అప్పటి గవర్నరు సర్ హెర్క్యులిసు రాబిన్సను దానిని కిక్కిరిసిన తన పట్టణమునకు వలయునని కోరెను. సేనాధిపతులు అదియంతయు తమ దండునకే వలయుననిరి. రెండు శాఖలును ఒకే రాణిగారి సేవకులే యైనను, పొరుగు రైతులు గట్టుకై పోరాడినట్లు పోరాడినవి. తగవు లండను వఱకు పోయి, కొన్ని సంవత్సరములు నలిగి, తుదకు పంపకముతో ముగిసెను. ఇటు గవర్నరునకు కొంత, అటు దండునకు కొంత. కౌలూను మొనయందు దండువారికి చిక్కిన భాగముననే తరువాత విట్‌ఫీల్డు బారకులు వెలసినవి. భూమి పొలముగా నున్నపుడు దానిపై కాపురముండిన చీనా గ్రామస్థులను ఆ పంపకమునకు పిలువలేదు.

ఇచట భూస్వామ్యపు పద్ధతిని గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. అది తెలియనిదే తక్కిన కథ బోధపడదు. హాంకాంగులో మనవలె పట్టాభూమి లేదు. భూమియంతయు ప్రభుత్వముది. వర్తకుడైనను, కోటీశ్వరుడైనను కౌలుదారుడే. సెయింటు జాన్సు కెథీడ్రలు అను చర్చి నిలిచిన జాగా ఒక్కటే దీనికి మినహాయింపు. కావున ఆ ప్రభుత్వమునకు భూమిని వేలమువేసి కౌళ్లు అమ్ముటయే పెద్ద రాబడి. అట్టిచోట దండు భూమి సర్వమాన్యము వంటిది. శిస్తు లేదు, వేలము లేదు, గడువు లేదు. పైగా దండు పోషణకును పట్టణమే చందా కట్టవలెను. 1860ల నాటినుండి సాలుకు 20,000 పౌనులు. 1890లో దానిని 40,000 పౌనులకు పెంచిరి. 1901 నుండి పట్టణపు రాబడిలో నూటికి 20 వంతులుగా నిర్ణయించిరి. ఇనాము నిచ్చినవాడే ఇనాముదారునకు జీతమును ఇయ్యవలసిన చిత్రమిది.

ఈ యేర్పాటున ఎవరు ఎట్లు బ్రదికిరి? పడమటి చివర తైపింగ్‌షాన్ అను చీనావారి పేట కలదు. ఇండ్లు వీపులంటుకొని లేచినవి. వాకిలి తప్ప కిటికీ లేని గదులను పలకలతో చీల్చి అద్దెలకిచ్చుచుండిరి. 1882లో ఆస్బర్టు చాడ్విక్కు అను ఇంజనీరు వచ్చి చూచి, పారిశుద్ధ్యము మాట అటుంచి అచట గాలియే లేదని నివేదిక వ్రాసెను. నివేదిక బీరువా చేరెను. పండ్రెండేండ్లకు, 1894లో, ఆ పేటలోనే మహామారి ప్లేగు పుట్టి రెండువేల యైదువందలకు పైగా ప్రాణములను బలిగొనెను. అలెగ్జాండరు యెర్సిన్ ప్లేగు క్రిమిని కనుగొనినది ఆ సంవత్సరము ఆ పట్టణమందే. పేటను కూలద్రోసిరి. అందలివారు వేఱొక ఇఱుకు సందు చేరిరి. కూతవేటు దూరమున దండువారి మైదానములు యథాప్రకారము పచ్చగా నుండెను.

నేల చాలకున్న సముద్రమును పూడ్చుదమని పాల్ ఛాటరు అను వర్తకుడు తలపెట్టెను. 1889 మొదలు ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్ల వఱకు ఆ పని జరిగి, పట్టణపు నడిభాగమునకు విశాలమైన క్రొత్త తీరము చేరెను. కాని ఆ పూడిక తూర్పునకు సాగుచు నౌకాదళపు గోడ యొద్దకు వచ్చి ఆగిపోయెను. కార్ఖానాను ఇంకొక చోటికి తరలింపుడను కోరిక చెల్లలేదు. పైగా ఉన్నచోటనే దానిని మఱింత పెంచిరి. ఆవలి వాంచాయి తీరమును 1920లలో వేఱుగా పూడ్చుకొనవలసివచ్చెను. రెంటిని కలుపు తీరపుబాట 1959లో కార్ఖానాను మూసివేయు వఱకు లేకపోయెను. ఆ మూతతో వేలకొలది పనివారి జీవనమును పోయెనన్నది వేఱు దుఃఖము. దండు ఉన్నను, దండు పోయినను, దెబ్బ పట్టణపు పేదకే తగిలెను.

ఇక రెండవ ప్రపంచయుద్ధము తరువాతి కాలము. 1945లో జపానువారు లొంగిపోవునాటికి ఆఱు లక్షలకు దిగిన జనసంఖ్య అయిదాఱేండ్లలో ఇరువది లక్షలు దాటెను. చీనాలో అంతర్యుద్ధము, అటుపై కమ్యూనిస్టు ప్రభుత్వము. ప్రాణములు చేతబట్టుకొని వచ్చినవారు కొండచరియలపై రేకులతోను, పలకలతోను, తారుకాగితములతోను గుడిసెలు వేసికొనిరి. 1953 డిసెంబరు 25వ తేదీ రాత్రి షెక్ కిప్ మే అను చోట ఆ గుడిసెలంటుకొని సుమారు 53,000 మంది ఒక్క రాత్రిలో నిరాశ్రయులైరి. అప్పుడు గాని పౌరప్రభుత్వము మేలుకొనలేదు. ఏడంతస్తుల మేడలను వరుసగా కట్టి, ఒక్కొక్క పెద్దవానికి 24 చదరపుటడుగుల చొప్పున, పిల్లవానికి అందు సగము చొప్పున లెక్కకట్టి గదులిచ్చిరి. ఇరువదినాలుగు చదరపుటడుగులన నెంత? మన ఇండ్లలోని ఒక పట్టెమంచము పట్టు చోటు. అయిదుగురు పెద్దలకు 120 చదరపుటడుగుల గది. నీటి కుళాయియు, మరుగుదొడ్డియు అందఱకు ఉమ్మడివి. దిక్కులేనివారికి అదియే భాగ్యమయ్యెను.

ఆ మేడలను కట్టుటకు నేల వెదకునపుడు కొండలను తవ్విరి, సముద్రమును పూడ్చిరి, ఊరిబయట పొలములను కొనిరి. పట్టణపు నడుమ నున్న దండు భూమిని మాత్రము చాల కాలము అడుగలేకపోయిరి. అడిగినను దానికొక ధర యుండెను. ధర యనగా వట్టి రొక్కము కాదు. దండు ఒక జాగాను విడువవలెనన్నచో, దానికి బదులుగా వేఱొక చోట అంతటి వసతులు గల బారకులను పట్టణము తన ఖర్చుతో కట్టియియ్యవలెను. ఆ జాగా తనకు అక్కరలేదని చెప్పవలసిన అధికారము దండుదే. అక్కర కలదా లేదా యని విచారించుటకు మూడవ మనిషి లేడు. ఇంటిలో అద్దెకున్నవాడు తనకు వేఱొక ఇల్లు కట్టియిచ్చిన గాని కదలననినచో మన న్యాయస్థానములు ఏమనునో పాఠకులే యోచింపవచ్చును. ఇచట అద్దెయును లేదు. పైగా 1970ల నడుమ కుదిరిన ఒడంబడిక ప్రకారము హాంకాంగులో బ్రిటిషు సేనల ఖర్చులో నాలుగింట మూడు వంతులు భరించు స్థితికి పట్టణము వచ్చెను.

ఈ బదులు పద్ధతి మనకును క్రొత్తది కాదు. 1806లో ఏర్పడిన సికింద్రాబాదు దండు చుట్టును నగరము పెరిగినది. 2017 ప్రాంతమున తెలంగాణ ప్రభుత్వము సచివాలయము కొఱకు బైసన్ పోలో మైదానమును కోరినపుడును, 2024లో ఎత్తైన రహదారులకై రక్షణశాఖ భూమినిచ్చుటకు ఒప్పుకొన్నపుడును బదులు మాటయే ప్రధానమయ్యెను. ఐతే మనచోట దండు మన పార్లమెంటునకు జవాబు చెప్పవలసినదే. హాంకాంగులో గవర్నరు లండనులో నియమింపబడెను, సేనాధిపతియు లండనులో నియమింపబడెను. 1985 వఱకు అచటి శాసనసభలో ప్రజ లెన్నుకొన్న సభ్యుడు ఒక్కడైనను లేడు. భేద మిది, చిన్నది కాదు.

1967లో విట్‌ఫీల్డు బారకులు పట్టణమునకు దక్కెను. 1970లో ఆ స్థలమున కౌలూను ఉద్యానవనమును తెఱచిరి. ఆ బారకులలో నివసించిన భారతీయ ముస్లిము సిపాయిల కొఱకు 1896లో కట్టిన మసీదు ప్రక్కనే కలదు. ఇప్పుడున్న కట్టడము 1984 నాటిది. 1972లో గవర్నరు మర్రే మెక్‌లెహోసు పదేండ్లలో 18 లక్షల మందికి ఇండ్లు కల్పింతునని ప్రకటించెను. ఎంత ప్రయత్నించినను ఆ లెక్క గడువులో తీఱలేదు గాని, ఆ వలసరాజ్యపు చరిత్రలో అంతటి గృహనిర్మాణము మున్నెన్నడును జరుగలేదు; ఆ ఖ్యాతి ఆయనకు దక్కవలసినదే. 1979లో విక్టోరియా బారకుల స్థలమంతయు పౌరప్రభుత్వపు చేతికి వచ్చెను. నూటముప్పది యేండ్లకు పైగా పట్టణపు గుండెలో కూర్చుండిన దండు లేచిపోయెను.

ఆ జాగా నేమి చేసిరి? ఒక భాగమున ఉన్నత న్యాయస్థానము, ప్రభుత్వ కార్యాలయములు. వేఱొక భాగమును వర్తకమునకు వేలము వేయగా పసిఫిక్కు ప్లేసు అను అంగళ్లు, హోటళ్లు, కచేరీల సముదాయము లేచెను. కొండవైపు భాగమున 1991లో హాంకాంగు పార్కును తెఱచిరి. ప్రక్కనున్న మర్రే బారకుల నాటి రాతిభవనమును 1982లో రాయి రాయిగా విప్పి, అంకెలు వేసి దాచిరి. దాని చోట చీనా బ్యాంకు మేడ ఆకాశమంటెను. దాచిన రాళ్లను కొన్నేండ్లకు స్టాన్లీ తీరమునకు చేర్చి మరల భవనముగా కట్టిరి. పేదలకు దొరకని సముద్రతీరపు జాగా ఆ రాళ్లకు దొరకెను. విక్టోరియా బారకుల నేలపై అద్దె తక్కువ ప్రభుత్వ గృహసముదాయ మొక్కటియు రాలేదు.

పార్కు వలదని మేమనము. ఊపిరాడని పట్టణమునకు చెట్లును ఇండ్లవలె అవసరమే. తైపింగ్‌షాన్ కథ చెప్పినది అదియే. మేము చూపదలచినది వేఱు. దండు చేతినుండి భూమి విడిపించుకొనుట సగము పని మాత్రమే. విడిపించుకొన్న ప్రభుత్వమే భూస్వామి, ఆ భూస్వామికి వేలముపాటయే ప్రధానమైన రాబడి యగుచో, ఆ నేల ఎక్కువ ధర పలుకువానికే పోవును. పట్టణపు నడిబొడ్డున నేల బంగారమునకు సరితూగుచుండగా అద్దె తక్కువ ఇండ్లను అచట కట్టుట దుబారా యని ఖజానావారు వాదింతురు. ఆ వాదము తప్పని సులభముగా తోసివేయజాలము. ఆ ధనముతోనే ఇతరచోట్ల ఇండ్లు కట్టవచ్చును. కాని ఆ ధనమంతయు ఇండ్లకే పోయినదని చూపువారెవరు?

దండుభూమి నిజముగా ఇండ్లైన చోటును లేకపోలేదు. కౌలూనుకు వాయవ్యమున షామ్ షూయి పో అను పేదల పేట కలదు. అందలి బారకులు 1920ల నాటివి. జపానువారి కాలమున, 1941 డిసెంబరు మొదలు యుద్ధాంతము వఱకు, బ్రిటిషు, కెనడా సైనికులు ఖైదీలుగా అచట చెఱనుండి ఆకలితోను, రోగములతోను కృశించిరి. తరువాత 1970ల చివర వియత్నామునుండి పడవలపై వచ్చిన కాందిశీకులకు అందలి జూబిలీ భవనములు ఆశ్రయమిచ్చెను. దండు ఖాళీచేసిన పిమ్మట లై కాక్, లై ఆన్ అను ప్రభుత్వ గృహసముదాయములును, ఒక చిన్న ఉద్యానమును అచట వెలసినవి. ఖైదీల జ్ఞాపకార్థము ఆ ఉద్యానమున ఫలకములు నిలిపిరి. పేదల పేటలోని దండుభూమి పేదల ఇండ్లయ్యెను. ధనికుల పేటలోనిది మేడలయ్యెను. ఇది యాదృచ్ఛికమని తలపజాలము.

1984లో లండను, పీకింగు ప్రభుత్వముల నడుమ అప్పగింత ఒడంబడిక కుదిరెను. అంతట దండుభూముల తగవు క్రొత్త రూపు దాల్చెను. చీనా సైన్యము వచ్చుచున్నది; దానికెన్ని జాగాలు? బేరము చాల యేండ్లు సాగి 1994 జూన్ 30వ తేదీన ముగిసెను. మొత్తము 39 జాగాలు లెక్కకు వచ్చినవి. అందు 14 చీనా సైన్యమునకు, 25 పట్టణపు అభివృద్ధికి. వినుటకు పట్టణమునకే హెచ్చు వాటా వచ్చినట్లుండును. కాని వచ్చెడి సైన్యము కొఱకు స్టోన్‌కట్టర్సు వద్ద క్రొత్త నౌకాదళపు రేవును, మఱికొన్ని కట్టడములను హాంకాంగు ప్రభుత్వమే తన ఖర్చుతో కట్టియియ్యవలసి వచ్చెను. పోవు దండు తన బాకీ చెల్లింపలేదు. వచ్చు దండు తన వసతిని ముందే పుచ్చుకొనెను.

పట్టణమునకు చిక్కిన నేలల గతి నెఱుగుటకు ఫాన్‌లింగు సమీపమున క్వీన్సు హిల్లు అను చోటు చాలును. బర్మా లైన్సు అని దానికి దండుపేరు. గూర్ఖా పటాలములు అందుండెను. వారు కట్టుకొన్న హిందూ దేవాలయ మొకటి నేటికిని నిలిచియున్నది. 1997కు ముందే ఆ దండు ఖాళీయయ్యెను. పిమ్మట? పిచ్చిమొక్కలు మొలచినవి. కొంతకాలము ప్రైవేటు విశ్వవిద్యాలయమునకు ఇత్తుమనిరి. ఆ యోచన మానుకొనిరి. తుదకు 2021, 2022 సంవత్సరములలో గాని అచట ప్రభుత్వ గృహసముదాయములోనికి జనులు కాపురములకు రాలేదు. వేలకొలది ఇండ్లు పట్టిన ఆ నేల దాదాపు పాతికేండ్లు ఏ సైనికుడును, ఏ పౌరుడును లేక పడియుండెను. ఈ నేరమును సేనాధిపతులపై మోపజాలము. భూమిని అడుగుటలో మందగించిన పౌరప్రభుత్వము, భూమి చేతికి వచ్చిన పిమ్మటను మందగించెను.

ఇప్పుడు చీనా సైన్యపు చేతనున్న జాగాలు 19. వాని విస్తీర్ణము దాదాపు 2,700 హెక్టారులు. మన లెక్కలో 6,600 ఎకరములకు పైమాట. ఇందు అధికభాగము పశ్చిమపు కొండలలో తుపాకి అభ్యాసమునకు విడిచిన బీడు. అందు ఇండ్లు కట్టుట అంత సులభము కాదు. ఆ అంకెను చూపి లక్షల ఇండ్లని ఆశపెట్టువారు ప్రజలను మోసగించుచున్నారు. తగవు నిజముగా పట్టణము లోపలి జాగాలను గూర్చినదే. కౌలూను టాంగులో ఆస్బర్ను బారకులని వెనుక పేరుగాంచిన స్థలము, దక్షిణ కౌలూనులో గన్ క్లబ్బు కొండపై బారకులు, అటువంటివి మఱికొన్ని. చుట్టును మేడలు క్రిక్కిరిసి, గోడలోపల తక్కువ యెత్తు కట్టడములును, విశాలమైన ఆవరణలును ఉండుటను మేడలపైనుండి ఎవరైనను చూడవచ్చును.

మఱి చట్టమేమనును? 1996లో చీనావారు చేసిన హాంకాంగు సైనికదళ శాసనపు 13వ ప్రకరణము ఇట్లు విధించుచున్నది. సైన్యమునకు అక్కరలేదని పీకింగు ప్రభుత్వము ఒప్పుకొన్న భూమిని పరిహారము లేకుండ హాంకాంగు ప్రభుత్వమునకు ఇయ్యవలెను. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని ప్రజోపయోగమునకై హాంకాంగు ప్రభుత్వమే దండుభూమిని కోరినచో, ముందు పీకింగు అనుమతి పొందవలెను. పిమ్మట సైన్యము సమ్మతించిన చోట బదులు భూమిని, బదులు కట్టడములను ఇయ్యవలెను. ఖర్చంతయు తానే భరింపవలెను. విక్టోరియా రాణి నాటి సేనాధిపతి ఈ ప్రకరణమును చదివినచో తన చేతివ్రాతయే యని తలచును. పరాయి పాలనను తెగడుచు వచ్చినవారు తక్కిన వానినెన్నిటినో మార్చిరి. వీథులకు బ్రిటిషు పేర్లుండనిచ్చిరి గాని బారకుల పేర్లు మార్చిరి. దండుభూమి కట్టుబాటును మాత్రము గుటుక్కున మ్రింగిరి.

నేల సంగతి ఇట్లుండగా జనుల సంగతి ఏమి? 2016 జనగణనలో, ఒక ఇంటిని ముక్కలుగా చీల్చి అద్దెకిచ్చు గదులలో దాదాపు 2,10,000 మంది నివసించుచున్నట్లు తేలెను. అట్టి గదులు 92,000కు పైగా కలవు. అందు తలకు దక్కు చోటు నడిమి లెక్కన 5.3 చదరపు మీటరులు. అనగా 57 చదరపుటడుగులు. ఒక్క మూలలో పొయ్యి, దాని ప్రక్కనే మరుగుదొడ్డి, పైన పిల్లలు పడుకొను పలక. ఈ గదులకు చదరపుటడుగు లెక్కన కట్టు అద్దె మంచి మేడలకన్న తక్కువ కాదు. ప్రభుత్వగృహమునకు దరఖాస్తు పెట్టుకొన్న కుటుంబము 2022 నాటికి సగటున ఆఱేండ్లు వేచియుండవలసి వచ్చెను. 1954లో పెద్దవానికి ఇచ్చిన 24 అడుగులకన్న ఇది హెచ్చే. డెబ్బదియేండ్లలో ప్రపంచమందలి మహా ధనికపట్టణములలో ఒకటియైన పట్టణము సాధించిన అభివృద్ధి పేదవాని లెక్కలో 33 చదరపుటడుగులు.

2018లో భూమి సరఫరాను గూర్చి ప్రభుత్వమొక సంఘమును వేసి ప్రజాభిప్రాయమును కోరెను. సముద్రమును పూడ్చుట, పొలములను తీసికొనుట, గోల్ఫు మైదానమును తీసికొనుట మొదలగు మార్గములు దాని పట్టికలో చేరెను. దండుభూములు చేరలేదు. వానిని గూర్చి అడిగిన సభ్యులకు ప్రభుత్వమువారు పలుమారు ఇచ్చిన సమాధానము ఒక్కటే: ఏ దండుజాగాయు నిరుపయోగముగా లేదు, దాని వినియోగమును మార్చు ఉద్దేశము లేదు. గోల్ఫు మైదానపు గోడను దాటి చూడగల ప్రజ బారకు గోడను దాటి చూడజాలదు. గోడ లోపల ఏమి జరుగుచున్నదో చెప్పువారు గోడ లోపలివారే.

ఒక చిన్న సంగతిని చూడుడు. నడిపట్టణపు సముద్రతీరమున జనులు నడచు బాటలో సైనిక నౌకలు ఆగుటకు 150 మీటరుల పొడవున తీరమును, సుమారు 0.3 హెక్టారు నేలను విడువవలసియుండెను. 1994 నాటి ఒడంబడికలోనే ఆ మాట యున్నది. 2013లో దానిని దండుజాగాగా మార్చు ప్రతిపాదన రాగా ఎంతో ఆందోళన జరిగెను. ఆ డిసెంబరులో కొందఱు యువకులు బారకుల లోనికి చొచ్చుకొనిపోయి శిక్షింపబడిరి. నగరప్రణాళిక సభ 2014లో ప్రతిపాదనను అంగీకరించెను; 2020లో రేవు సైన్యమునకు చేరెను. ముప్పాతిక ఎకరము నేల. దానికే ఇంతటి తగవు. మఱి కౌలూను నడుమ నున్న ఎకరముల మాట?

దండు వలదని ఎవరును అనుటలేదు. సార్వభౌమత్వము గల రాజ్యము తన పట్టణమున సేనను ఉంచుకొనును. ప్రజలు కోరదగినది చాల స్వల్పము. 19 జాగాలలో ప్రతిదాని విస్తీర్ణ మెంత, అందు కట్టడములెన్ని, ఎందఱు సైనికులుందురను రహస్యము విడిచి తక్కిన ఏ వినియోగమునకు ఏ భాగము చెందినది అను పట్టికను ఏటేట శాసనసభ ముందుంచవలెను. గ్రామమున కరణము వ్రాయు అడంగలు పాటి లెక్క యది. పట్టణము లోపలి ఏ జాగా విషయమున బదులు భూమి నడిగినచో, ఆ బదులు ఖర్చెంతయో, దానితో ఎన్ని ఇండ్లు కట్టవచ్చునో ఆ పట్టిక ప్రక్కనే వ్రాయవలెను. విడిపించుకొన్న నేల ఎన్నేండ్లలో ఇండ్లు కావలయునో గడువును వ్రాయవలెను. లేనిచో క్వీన్సు హిల్లు పాతికేండ్లు మరల వచ్చును. షామ్ షూయి పోలో, ఒకప్పటి బారకులకు నాలుగు వీథుల దూరమున, చీల్చిన గదులు నేటికిని అద్దెకు దొరకుచున్నవి.